మైదుకూరుకు పోయినపుడు హోటల్లో ఏమి తినాలి?

(భార్యాభర్తలు ఇద్దరూ కలిసి చదవవలసినది)



మీరు పల్లెలో కాపురం ఉన్నా, నెలకు రెండు మూడు సార్లయినా మైదుకూరుకు రాక తప్పదు. కడప, కర్నూలు, ప్రొద్దుటూరు, బద్వేలు రోడ్లు ఇక్కడే కలుస్తాయి. దువ్వూరు, చాపాడు, ఖాజీపేట, బ్రహ్మంగారి మఠం మండలాల పల్లెల నుంచి ఎందరో ఇక్కడికి వచ్చి బస్సు మారుతుంటారు. పసుపు, వడ్లు అమ్ముకోవడానికి, ఎరువులు కొనడానికి, బ్యాంకు పనికి, పెండ్లి బట్టలకు, ఆసుపత్రికి వస్తారు. పని ముగిసేసరికి పొద్దు నడినెత్తికి వస్తుంది. కడుపు కాలుతూ ఉంటుంది. ఎదురుగా హోటలు కనబడుతుంది.

అప్పుడు ఏమి జరుగుతుందో ఒక జంట సంగతి చూడండి. ఇది మన అందరి ఇళ్ళలో జరిగేదే గనుక పేర్లు అక్కరలేదు.

ఒక జంట కథ

ఆమెకు అయిదో నెల. గర్భిణీ స్త్రీలను పరీక్ష చేసే తొమ్మిదో తేదీ గనుక, తెల్లవారుజామునే ఇంటి పని ముగించుకుని, ఏమీ తినకుండా మగనితో బస్సెక్కింది. ఆసుపత్రిలో రక్తం పరీక్ష చేసి, “రక్తం తొమ్మిది గ్రాములే ఉంది, బాగా తినాలమ్మా” అని చెప్పి ఇనుము మాత్రలు ఇచ్చారు. బయటికి వచ్చేసరికి ఒంటిగంట దాటింది. ఇద్దరూ హోటల్లో కూర్చున్నారు.

“ఏం తింటావు మే?” అన్నాడతను.

“నాకేం ఒద్దులే. నువ్వు తినయ్యా. నేనింత టీ తాగుతా. ఇంటికి పోయి సంగటి తింటాలే” అన్నది ఆమె.

అతను బిర్యానీ తిన్నాడు, చల్లటి కూల్ డ్రింకు తాగాడు. ఆమె టీలో బన్ను ముంచుకుని తిన్నది. ఆ టీతోనే ఇనుము మాత్ర మింగింది. బస్టాండులో మరుగుదొడ్డికి పోవాల్సి వస్తుందని నీళ్ళు కూడా రెండు గుక్కలే తాగింది. ఆ రెండు గుక్కలు కూడా బల్లమీద మూత లేకుండా ఉన్న జగ్గులోవి. బస్సు దొరికి ఇల్లు చేరేసరికి సాయంత్రం నాలుగయింది.

ఇందులో ఎవరి తప్పూ లేదు. అతను అడిగాడు, ఆమె డబ్బు మిగిలిద్దామనుకున్నది. కాని ఆ రోజు అన్నం ఎక్కువ కావలసిన మనిషే ఉపవాసం ఉన్నది. మగనికి కడుపు నిండింది గాని, ఒంటికి మేలు చేసేది తక్కువే తిన్నాడు. హోటల్లో ఏమి తినాలి అనేది చిన్న సంగతి కాదని చెప్పడానికే ఈ కరపత్రం.

ఎందుకింత పట్టింపు?

2019–21 మధ్య దేశమంతటా జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుంచి 49 ఏళ్ళ వయసు గల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉన్నట్లు తేలింది. మన రాష్ట్రంలో నూటికి సుమారు 59 మంది. అంటే బస్సులో మీ పక్కన కూర్చున్న ఆడవాళ్ళలో సగం కంటే ఎక్కువ మందికి రక్తం తక్కువన్నమాట. గర్భిణికి రక్తం 11 గ్రాములకు తగ్గకూడదు. 7 గ్రాముల కంటే తగ్గితే అది ప్రమాదం. కాన్పులో రక్తం పోయినప్పుడు అటువంటి తల్లి తట్టుకోలేదు. బిడ్డ కూడా తక్కువ తూకంతో పుట్టవచ్చు.

రక్తం ఒక్క పూటలో పోయేది కాదు, ఒక్క పూటలో వచ్చేదీ కాదు. “ఈ పూటకు టీ చాలులే” అని ఊరికి పోయిన ప్రతిసారీ, పొలానికి పోయిన ప్రతిసారీ అనుకుంటూ పోతే అది తరుగుతుంది. అలాగే “ఈ పూట కూడా సరిగా తిందాం” అనుకుంటే క్రమంగా పెరుగుతుంది.

ఇక మగవాళ్ళ సంగతి. బీపీ, షుగరు పట్నం జబ్బులని, ముసలితనంలో వచ్చేవని ఒకప్పుడు అనుకునేవారు. ఇప్పుడు అవి పల్లెల్లో ముప్పయ్యేళ్ళ వాళ్ళకూ వస్తున్నాయి. వారానికి మూడు నాలుగు సార్లు ఊరికి వచ్చి, వచ్చినప్పుడల్లా బజ్జీలు, బిర్యానీ, కూల్ డ్రింకు తీసుకునేవారు ఈ మాట గుర్తుంచుకోవాలి.

మొట్టమొదటి జాగ్రత్త నీళ్ళు

హోటల్లో తినే పదార్థం కంటే తాగే నీళ్ళ వల్లే ఎక్కువ కీడు జరగవచ్చు. వాంతులు, విరేచనాలు, టైఫాయిడు, కామెర్లు ఇవన్నీ కలుషితమైన నీటి ద్వారా వచ్చేవే.

కామెర్లలో ‘ఈ’ రకం ఒకటి ఉంది. రోగి మలంలోని వైరస్ తాగే నీళ్ళలో కలిస్తే అది ఇతరులకు అంటుతుంది. 1955–56లో ఢిల్లీలో యమునా నది నీటిలో మురుగు కలిసి, సుమారు 29 వేల మందికి కామెర్లు వచ్చాయి. అది ‘ఈ’ రకమని చాలా ఏళ్ళ తర్వాత, దాచి ఉంచిన రక్తాన్ని పరీక్షించి తెలుసుకున్నారు. మామూలు మనిషికి ఈ జబ్బు కొన్ని వారాల్లో తగ్గిపోతుంది. కాని చివరి మూడు నెలల్లో ఉన్న గర్భిణికి వస్తే, నూటికి 20 నుంచి 25 మంది ప్రాణం పోయే ప్రమాదముందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. ఇంకొక చిక్కు ఏమంటే, చెడ్డ నీళ్ళు తాగిన రెండు వారాల నుంచి పది వారాల లోపు ఎప్పుడో జబ్బు బయటపడుతుంది. అప్పటికి ఏ హోటలు నీళ్ళు తాగామో మనకే గుర్తుండదు.

కాబట్టి ఇట్లా చేయండి:

ఇంటి నుంచి బయలుదేరేటప్పుడే కాచి చల్లార్చిన నీళ్ళు సీసాలో పోసుకుని తెచ్చుకోండి. ఇద్దరికి రెండు లీటర్లు ఉండాలి. ఎండాకాలంలో ఇంకా ఎక్కువ కావాలి. నీళ్ళు తెర్లే దాకా కాచాలి, గోరువెచ్చగా చేస్తే చాలదు.

తెచ్చుకోకపోతే, మూత సీలు ఊడని సీసా కొనండి. హోటలు వారి క్యాను నీళ్ళు చూడటానికి తేటగానే ఉంటాయి. కాని తేటగా ఉన్నవన్నీ మంచి నీళ్ళు కావు.

ఐసు ముక్కలు వేసిన చెరుకు రసం, రంగు నీళ్ళు, బండిమీది షర్బతు గర్భిణులు ముట్టకూడదు. ఆ ఐసు ఏ నీళ్ళతో చేశారో ఎవరికీ తెలియదు. దాహమైతే కొబ్బరి బోండాం మేలు. దానిని మీ ఎదుటే కొట్టించుకోండి.

అమ్మలారా! మరుగుదొడ్డికి భయపడి నీళ్ళు మానుకోకండి. మన సీమ ఎండలో నీళ్ళు తాగకుండా, మూత్రం ఆపుకుంటూ రోజంతా ఉంటే మూత్రంలో మంట, ఇన్‌ఫెక్షను వస్తాయి. గర్భిణికి ఇది ఇంకా చెడ్డది. అయ్యలారా! హోటల్లో కూర్చునే ముందు “ఆడవాళ్ళకు మరుగుదొడ్డి ఉందా అన్నా?” అని మీరే అడగండి. ఉన్న హోటలుకే పోండి. ఆమె నోరు తెరిచి అడగలేదు. మీరు అడిగితే సిగ్గు పడవలసినది ఏమీ లేదు.

హోటలును ఎట్లా ఎంచుకోవాలి?

పెద్ద బోర్డు, రంగు దీపాలు చూసి పోకండి. లోపలికి పోయే ముందు ఒక్క నిమిషం నిలబడి నాలుగు సంగతులు చూడండి.

ఒకటి: జనం వస్తూ పోతూ ఉన్నారా? జనం ఉన్న చోట వండింది వండినట్లు ఖర్చయిపోతుంది. ఈగలు తోలుకుంటూ కూర్చున్న చోట పొద్దున వండినదే సాయంత్రం దాకా ఉంటుంది.

రెండు: వడ్డించేది పొగలు కక్కుతూ ఉందా? వండిన పదార్థం గోరువెచ్చగా ఉన్నప్పుడే సూక్ష్మక్రిములు బాగా పెరుగుతాయి. వండిన రెండు గంటల లోపు తినాలి, లేదా వేడిగా ఉంచాలి. ఎండాకాలంలో అంతసేపు కూడా ఆగవు.

మూడు: పళ్ళాలు, గ్లాసులు ఎక్కడ కడుగుతున్నారు? ఒకే తొట్టిలో, ఒకే నీళ్ళలో నూరు పళ్ళాలు ముంచి తీస్తుంటే ఆ చోటు వద్దు. విస్తరిలో గాని అరిటాకులో గాని వడ్డించే చోటు మేలు. చేతులు కడుక్కోవడానికి సబ్బు ఉందా అని కూడా చూడండి. లేకపోతే ఒక చిన్న సబ్బు ముక్క సంచిలో పెట్టుకుని రావడం మంచి అలవాటు.

నాలుగు: నూనె ఎట్లా ఉంది? బాండలిలోని నూనె నల్లగా, జిగురుగా, పొగ వస్తూ ఉంటే అది ఎన్నోసార్లు కాగినదని తెలుసుకోండి. అటువంటి నూనె గుండెకు, కాలేయానికి మంచిది కాదు. ఎక్కువసార్లు కాచి చెడిపోయిన నూనెను వాడకూడదని 2018 జూలై 1 నుంచి దేశంలో నిబంధన ఉంది.

ఆహార భద్రతా చట్టం ప్రకారం ప్రతి హోటలుకూ, తోపుడు బండికీ రిజిస్ట్రేషను గాని లైసెన్సు గాని ఉండాలి. ఆ నంబరు 14 అంకెలది. గోడమీద కనబడేటట్లు పెట్టాలి. అది ఉన్నంత మాత్రాన అంతా శుభ్రమని కాదు, కాని నంబరు పెట్టిన హోటలు మీద మీరు ఫిర్యాదు చేయడం తేలిక.

పొద్దున టిఫిను

ఇడ్లీ అన్నిటికంటే మంచిది. ఆవిరిమీద ఉడుకుతుంది, నూనె లేదు, బియ్యంతోపాటు మినప్పప్పు ఉంటుంది. సాంబారు పొగలు వస్తూ ఉంటే రెండోసారి కూడా అడిగి పోయించుకోండి. పచ్చి కొబ్బరి చట్నీ తొందరగా పులిసిపోతుంది. వాసన చూసి తినండి. వేయించిన శెనగ గింజల చట్నీ అయితే ఇంకా మంచిది, బలం కూడా.

ఉగ్గాని మనకు ఇష్టమైనదే. బొరుగులు, ఎర్రగడ్డలు, పప్పుల పొడి వేసిన ఉగ్గాని తింటే తప్పులేదు. దాని పక్కన వచ్చే మిరపకాయ బజ్జీల సంగతే చూసుకోవాలి. ఇద్దరికీ కలిపి ఒక ప్లేటు బజ్జీలు చాలు.

కారం దోసె మన కడప సీమ రుచి. దానిని మానమని ఎవరు చెప్పినా మీరు వినరు, మేమూ చెప్పము. కాని “నూనె తగ్గించి కాల్చన్నా” అని అడగండి. ఎగ్ దోసె అయితే గుడ్డు కూడా కడుపులోకి పోతుంది. ఒక కోడిగుడ్డులో సుమారు 6 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. గర్భిణులు పూర్తిగా ఉడికిన గుడ్డే తినాలి. పచ్చసొన కారేటట్లు ఉన్న ఆఫ్‌బాయిల్ వద్దు.

పూరీ, బోండా, వడ రోజూ తినేవి కావు. ఎప్పుడో ఒకసారి తింటే తినండి. రెండు పూరీలకు బదులు నాలుగు ఇడ్లీలు తింటే అదే డబ్బుకు మధ్యాహ్నం దాకా ఆకలి వేయదు.

మధ్యాహ్న భోజనం

హైదరాబాదులో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో తమిళనాడులోని కూనూరులో చిన్నగా మొదలై, 1958లో హైదరాబాదుకు వచ్చింది. మన దేశంలో ఎవరు ఏమి తింటే మంచిదో చెప్పేది ఈ సంస్థే. 2024లో ఆ సంస్థ ఇచ్చిన సలహాల ప్రకారం మన పళ్ళెంలో సగం కూరగాయలు, ఆకుకూరలు, పండ్లు ఉండాలి. మిగిలిన సగంలో అన్నం గాని సంగటి గాని రొట్టె గాని, దానితోపాటు పప్పు, గుడ్డు, మాంసం, పాలు ఉండాలి.

మన హోటలు పళ్ళెం చూడండి. కొండంత అన్నం, చెంచాడు కూర, అప్పడం, ఊరగాయ. అందుకని ప్లేటు భోజనం తీసుకున్నప్పుడు ఈ క్రమంలో తినండి: మొదట పప్పు, కూర అడిగి వేయించుకోండి. ఆకుకూర పప్పు ఉంటే దానినే రెండోసారి అడగండి. అన్నం రెండోసారి తెచ్చినప్పుడు మాత్రం చేయి అడ్డం పెట్టండి. చివర మజ్జిగ గాని పెరుగు గాని తీసుకోండి. ఊరగాయ, అప్పడం, పొడి ఉప్పుతో నిండినవి. రోజుకు మనిషికి కావలసిన ఉప్పు 5 గ్రాములే, అంటే ఒక టీస్పూను. బీపీ ఉన్నవారు ఊరగాయ ముట్టకపోవడమే మేలు.

నిమ్మకాయ బద్ద ఉంటే పప్పన్నం మీద పిండుకోండి. నిమ్మలోని పులుపు వల్ల పప్పులో, ఆకుకూరలో ఉన్న ఇనుము ఒంటికి బాగా పడుతుంది. కాలణా ఖర్చు లేని మందు ఇది.

సంగటి దొరికే మెస్సు ఉంటే వదలకండి. “ఇంట్లో తినే సంగటే హోటల్లోనూ తినాల్నా?” అని నవ్వేవారుంటారు. 100 గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. అంతే తూకం తెల్ల బియ్యంలో 10 మిల్లీగ్రాములు కూడా ఉండదు. కడుపులో బిడ్డ ఎముకలకు, పాలిచ్చే తల్లికి కాల్షియం కావాలి. సంగటి ముద్ద, ఆకుకూర పప్పు గాని నాటుకోడి పులుసు గాని, పక్కన శెనగ గింజల ఊరిబిండి ఉంటే అంతకంటే మంచి భోజనం ఏ పట్నంలోనూ దొరకదు. పులుసు మీద తేలే నూనెను మాత్రం గరిటెతో పక్కకు తీయండి.

బిర్యానీ పండుగ తిండి. ఎప్పుడైనా తినవచ్చు. తిన్నప్పుడు ఒక ప్లేటు ఇద్దరూ పంచుకోండి. ఇద్దరికీ చెరొక ఉడికించిన గుడ్డు, పెరుగు పచ్చడి తీసుకోండి. అయితే పెరుగు పచ్చడిలోని పచ్చి ఎర్రగడ్డలు ఎప్పుడు తరిగారో తెలియని చోట గర్భిణి దానిని వదిలి, వేడి కూరే తినడం క్షేమం.

టీ, కూల్ డ్రింకు, రంగు తిండి

టీ, కాఫీలలోని ఒగరు పదార్థం ఇనుమును ఒంటికి పట్టనీయదు. అందుకని అన్నం తినడానికి గంట ముందు, తిన్న గంట వరకు టీ తాగకూడదు. ఇనుము మాత్ర టీతో మింగితే దాని మేలు చాలావరకు పోతుంది. మాత్ర నీళ్ళతోనే మింగాలి. ఆసుపత్రిలో ఇచ్చిన ఇనుము మాత్రలను నాలుగో నెల నుంచి రోజుకొకటి చొప్పున కనీసం 180 రోజులు, కాన్పు తర్వాత మరో 180 రోజులు వాడాలి. కాల్షియం మాత్ర, ఇనుము మాత్ర ఒకేసారి వేసుకోకండి. ఒకటి ఒక పూట, ఇంకొకటి ఇంకొక పూట వేసుకోండి.

కూల్ డ్రింకు 250 మిల్లీలీటర్ల సీసాలో సుమారు 25 గ్రాముల చక్కెర ఉంటుంది. ఆరు టీస్పూన్ల దాకా అన్నమాట. ఒక మనిషి రోజంతా తీసుకోదగిన చక్కెర అంతే. ఒక్క సీసాతో ఆ రోజు కోటా అయిపోతుంది. బిడ్డ ఏడుస్తున్నదని నోటికి కూల్ డ్రింకు అందించడం ముద్దు చేయడం కాదు. ఆ డబ్బుతో రెండు అరటిపండ్లు గాని జామకాయలు గాని కొనిపెట్టండి.

సాయంకాలం బండ్లమీద ఎర్రెర్రగా మెరిసే గోబీ మంచూరియా, నూడుల్స్ చూసి పిల్లలు మారాం చేస్తారు. ఆ ఎరుపు కారంది కాకపోవచ్చు. పక్క రాష్ట్రమైన కర్ణాటకలో నమూనాలు పరీక్షించి, 2024 మార్చిలో గోబీ మంచూరియాలో కృత్రిమ రంగులు వాడకూడదని నిషేధించారు. చేతికి, పళ్ళెానికి రంగు అంటుకునే తిండి పిల్లలకు పెట్టవద్దు. దానికి బదులు ఉడికించిన శెనక్కాయలు, మొక్కజొన్న కండె, అలసంద గుగ్గిళ్ళు ఉంటే కొనివ్వండి.

చంటిబిడ్డ వెంట ఉంటే

ఆరు నెలలు నిండని బిడ్డకు తల్లిపాలు తప్ప ఇంకేమీ అక్కరలేదు. హోటలు నీళ్ళు చుక్క కూడా పట్టకండి. ఎంత ఎండ అయినా తల్లిపాలలోనే బిడ్డకు కావలసిన నీళ్ళున్నాయి. పాలసీసా తేవద్దు. దారిలో దానిని శుభ్రం చేయలేరు. మూల బల్ల చూసుకుని, కొంగు కప్పుకుని పాలివ్వండి. ఆ కాసేపు మగవాడు అడ్డంగా కూర్చుంటే చాలు.

ఆరు నెలలు దాటిన బిడ్డకు వేడి ఇడ్లీని కాచిన నీళ్ళతో గాని పప్పు కట్టుతో గాని మెత్తగా మెదిపి పెట్టండి. చట్నీ, కారం వద్దు. టీలో ముంచిన బిస్కెట్టు బిడ్డకు కడుపు నింపుతుంది గాని బలం ఇవ్వదు.

మీరు అడిగే ప్రశ్నలు

ప్రశ్న: గర్భిణి అసలు హోటల్లో తినవచ్చునా? ఇంటి నుంచి తెచ్చుకుంటే మేలు కదా?

జవాబు: తెచ్చుకోగలిగితే అంతకంటే మంచిది లేదు. జొన్న రొట్టె, శెనగ గింజల పొడి, ఉడికించిన గుడ్డు, అరటిపండు మధ్యాహ్నం దాకా చెడిపోవు. కాని తెచ్చుకోలేని రోజు పస్తు ఉండటం కంటే, పైన చెప్పిన జాగ్రత్తలతో హోటల్లో వేడిగా తినడమే మంచిది.

ప్రశ్న: ఆ రోజు ఒక్కపొద్దు అయితే?

జవాబు: పాలు, పండ్లు, వేడి ఇడ్లీ మీ నియమంలో ఏది సరిపోతే అది తీసుకోండి. గర్భిణి, బాలింత, షుగరుకు మందు వాడేవారు ఖాళీ కడుపుతో ఎండలో తిరగకూడదు. మొక్కు కాన్పు అయ్యాక, డాక్టరును అడిగి తీర్చుకోవచ్చు.

ప్రశ్న: కడుపుతో ఉన్నప్పుడు షుగరు ఉందన్నారు. హోటల్లో ఏమి తినాలి?

జవాబు: తీపి టీ, కూల్ డ్రింకు, మైసూరుపాకు మానండి. అన్నం సగం చేసి పప్పు, కూర, గుడ్డు పెంచండి. తిండి మాత్రం మానకండి, కొంచెం కొంచెంగా నాలుగైదు సార్లు తినండి. కడుపుతో ఉన్నప్పుడు షుగరు వచ్చినవారికి తర్వాత కూడా వచ్చే అవకాశం ఎక్కువ. కాన్పయిన ఆరు వారాలకు మళ్ళీ పరీక్ష చేయించుకోవాలి.

ప్రశ్న: సర్వరును అది తగ్గించు, ఇది పెంచు అని అడిగితే నవ్వరా?

జవాబు: డబ్బిచ్చేది మీరు. పసుపు అమ్మేటప్పుడు తూకం సరిగా చూడమని అడగరా? ఇదీ అంతే. మర్యాదగా “అన్నా, వేడిది తీసుకురా”, “అన్నా, కూర ఇంకొంచెం వెయ్యి” అంటే ఎవరూ కాదనరు.

జబ్బు చేస్తే

విరేచనాలు పట్టుకుంటే ఆరోగ్య కేంద్రంలో ఇచ్చే ఓ.ఆర్.ఎస్. పొట్లం ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో కలిపి, కొంచెం కొంచెంగా తాగుతూ ఉండండి. కలిపిన నీళ్ళు ఒక రోజుకు మించి ఉంచకండి. పిల్లలకు దానితోపాటు జింకు మాత్రలు 14 రోజులు ఇవ్వాలి. విరేచనంలో రక్తం పడినా, కళ్ళు లోతుకు పోయినా, మూత్రం రాకపోయినా, బిడ్డ పాలు తాగలేకపోయినా ఆలస్యం చేయకండి. 108కి ఫోను చేయండి.

జ్వరం, ఆకలి లేకపోవడం, వాంతులు, మూత్రం ముదురు పసుపు రంగులో రావడం, కళ్ళు పచ్చబడటం ఇవి కామెర్ల గుర్తులు. పసరు మందని, వాతలు పెట్టిస్తామని తిరుగుతూ రోజులు పోగొట్టకండి. గర్భిణికి ఈ గుర్తులు కనిపిస్తే అదే రోజు పెద్ద ఆసుపత్రికి తీసుకుపోవాలి.

మళ్ళీ ఆ జంట దగ్గరికి

మరుసటి నెల తొమ్మిదో తేదీకి ఆ భార్యాభర్తలు మళ్ళీ వచ్చారు. నర్సమ్మ ఇంటికి వచ్చినప్పుడు చెప్పిన మాటలు ఇద్దరూ విన్నారు. ఈసారి సంచిలో కాచిన నీళ్ళు, రెండు ఉడికించిన గుడ్లు, ఒక సబ్బు ముక్క ఉన్నాయి. ఆసుపత్రికి పోకముందే ఇద్దరూ వేడి ఇడ్లీ తిన్నారు. మధ్యాహ్నం అతను “ఏం తింటావు?” అని అడగలేదు. అట్లా అడిగితే “ఏం ఒద్దులే” అనే జవాబు వస్తుందని అతనికి ఇప్పుడు తెలుసు. “రెండు ప్లేట్ల భోజనం” అని తానే చెప్పాడు.

“ఇద్దరికెందుకయ్యా, దుడ్లు దండగ” అన్నది ఆమె.

“పోయిన తూరి కూల్ డ్రింకు తాగినా కదా. ఈసారి అది మానుకుంటా. నువ్వు తిను మే” అన్నాడతను.

ఆమె పప్పన్నంలో నిమ్మకాయ పిండుకుని తిన్నది. ఇంటి నుంచి తెచ్చిన గుడ్డు తిన్నది. టీ మానేసింది. రాత్రి అన్నం తిన్నాక మాత్ర నీళ్ళతో మింగింది. ఇంట్లో కూడా అదే పద్ధతి పట్టుకున్నది. ఎనిమిదో నెలకు రక్తం పది గ్రాములు దాటింది. ఇంకా పెరగాలి. కాని దారి దొరికింది.

గుర్తుంచుకోండి

1. కాచిన నీళ్ళు ఇంటి నుంచే తెచ్చుకోండి. ఐసు వద్దు.
2. జనం ఉన్న చోట, పొగలు వచ్చే తిండే తినండి.
3. చేతులు సబ్బుతో కడుక్కోండి.
4. అన్నం తగ్గించి పప్పు, ఆకుకూర, గుడ్డు, మజ్జిగ పెంచండి.
5. నిమ్మకాయ పిండుకోండి. తిన్న గంట దాకా టీ ముట్టకండి.
6. బజ్జీ, పూరీ, బిర్యానీ అప్పుడప్పుడే. తిన్నా పంచుకుని తినండి.
7. కూల్ డ్రింకుకు పెట్టే డబ్బు పండ్లకు పెట్టండి.
8. ఇద్దరూ ఒకేసారి కూర్చుని తినండి. ఇంట్లో గాని హోటల్లో గాని ఆడమనిషి మిగిలింది తినేది కాదు.

దంపతులారా! రేపు మైదుకూరుకు పోయేటప్పుడు ఈ కాగితం సంచిలో పెట్టుకోండి. ఆకలి వేశాక ఏమి తినాలో ఆలోచించడం కష్టం. బస్సులో కూర్చున్నప్పుడే ఇద్దరూ మాట్లాడుకుని తీర్మానించుకోండి. మీకు కలిగిన అనుమానాలు ఆశా కార్యకర్తను గాని నర్సమ్మను గాని అడగండి. చదివిన తర్వాత ఈ కరపత్రాన్ని పారవేయకండి. పొరుగింటివారికి ఇవ్వండి, చదువు రానివారికి చదివి వినిపించండి.